మీటరమ్మ వెచ్చటి ఇటుకలు

మా వదిన గురించి మంచిగా చెప్పడం నాకు అలవాటు లేదు. మా ఆయనకి అక్క, నాకు వదిన, పైగా పనిలో నా మీద పెత్తనం చేసే హెడ్డు. ఇంట్లోనూ ఆవిడే, కార్ఖానాలోనూ ఆవిడే. ఇక మంచి చెప్పడానికి నాకు తీరికెక్కడిది? కానీ ఆ చలికాలం సంగతి ఎవరో ఒకరు చెప్పాలి. ఆవిడ చెప్పుకోదు. మా ఓనరుని అడిగితే అంతా తానే చేసినట్టు చెబుతాడు. అందుకని నేనే మొదలుపెడుతున్నాను.

మాది కోట్లు కుట్టే కార్ఖానా. పొడుగాటి హాలు, పద్నాలుగు మంది మనుషులు. ఒక చివర కత్తిరింపు బల్ల, మధ్యలో మిషన్లు, ఇంకో చివర ఇస్త్రీ బల్ల. ఆ ఇస్త్రీ బల్ల మా వదినది. ఇరవై ఆరేళ్ళుగా దాని వెనకే నిలబడింది. కుడి బొటనవేలి పక్కన కాలిన మచ్చ ఒకటుంటుంది. పనిలో చేరిన మొదటి వారంలో కాలిందట. "అదే మొదటిది, అదే ఆఖరిది" అని కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ చూపిస్తుంది. నాకైతే మూడుసార్లు చూపించింది.

ఆ ఏడు చలి మొదలవుతుండగా కరెంటాఫీసు నుంచి కాగితం వచ్చింది. కరెంటు కొరతట. కిందటి చలికాలం వాడినదాంట్లో నాలుగో వంతు తగ్గించాలి. రెండు నెలల తర్వాత వచ్చి మీటరు చూస్తారు. తగ్గకపోతే మిగతా చలికాలమంతా వారానికి మూడు రోజులు లైను కట్. మా ఓనరు ఆ కాగితం పట్టుకుని హాల్లోకి వచ్చి నిలబడ్డాడు. చెడ్డవాడు కాదు పాపం, పిరికివాడు.

"మూడు రోజులు మిషన్లు ఆగితే పద్నాలుగు మందికి పని చూపించలేను. ఏడుగురు ఎండలొచ్చేదాకా ఇంట్లో ఉండాల్సిందే," అన్నాడు. తర్వాత మా వదిన వైపు తిరిగి, ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు వేసిన కాగితం ఆవిడ చేతిలో పెట్టాడు. "ఎవరెవరో నువ్వే రాసివ్వు. ఎవరింట్లో ఎలా ఉందో నీకే తెలుసు."

పిరికివాడని ఊరికే అన్నానా?

మా వదిన ఆ కాగితం మడిచి ఏప్రను జేబులో పెట్టుకుంది. "రాస్తాను గానీ ఇప్పుడివ్వను. రెండు నెలలు ఈ హాలు నాకొదిలెయ్యండి. ఒక్క కుర్చీ కూడా ఖాళీ కాకుండా చూస్తాను. చూడలేకపోతే అప్పుడు అడగండి," అంది.

ఆ రోజు నుంచి అందరి కళ్ళూ ఆ జేబు మీదే. అందరికంటే చివర చేరినదాన్ని నేను. న్యాయంగా అయితే ముందు పోవాల్సింది నేనే. అయినా నాకు బెంగ లేదు. తమ్ముడి పెళ్ళాన్ని, ఒకే ఇంట్లో ఒకే కుండలో అన్నం తినేదాన్ని. నా పేరు రాసి, సాయంత్రం ఇంటికొచ్చి నా మొహం ఎలా చూస్తుంది? ఆ ధీమాతో మిగతావాళ్ళ వైపు జాలిగా చూసేదాన్ని కూడా. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మా వదినకి ఏదైనా పట్టిందంటే ఇక పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. పొద్దున్నే వచ్చి మీటరు చూసి, గుడ్డ మీద గీసే సుద్దతో ఆ అంకె పక్క గోడ మీద రాసేది. సాయంత్రం మళ్ళీ చూసి మళ్ళీ రాసేది. చేత్తో కాజాలు కుట్టే పెద్దాయన ఒకాయన ఉండేవాడు, కాజాల తాత అంటాం. ఆయనే పెట్టాడు, మీటరమ్మ అని. ఆవిడ ముందు కోప్పడింది, తర్వాత పలకడం మొదలుపెట్టింది.

మొదటి పని, సందులు మూయడం. మిగిలిన పీలికలన్నీ పోగేసి, పొడుగు సంచుల్లో కుక్కి కుట్టించి, తలుపుల కింద, కిటికీల అంచుల్లో పెట్టించింది. మూడు హీటర్లలో రెండు ఆపేసింది. ఇస్త్రీ బల్ల పైన గోడలో వెంటిలేటరు ఒకటుంది. దాంట్లోంచి చల్లగాలి సరిగ్గా తన నెత్తి మీదే పడుతుందని ఆవిడకి ఏళ్ళ తరబడి కోపం. ఆ పూట స్టూలెక్కి, మంచి లైనింగు గుడ్డ నాలుగు మడతలు పెట్టి, దాన్నీ గట్టిగా మూసేసింది.

"ఇక చీమ కూడా దూరదు," అంది కిందకి దిగుతూ.

వారం తిరిగేసరికి మీటరు మాట వినడం మొదలుపెట్టింది. ఇక మా వదిన నడక చూడాలి, రాజ్యం గెలిచినట్టు. ఇంటికొచ్చాక మా ఆయన ఫ్యానుకి ఉన్న స్విచ్చి కూడా తడిమి చూసేది. చలికాలంలో ఫ్యానెవరు వేస్తారు తల్లీ అంటే వినదు.

రెండో వారం గోడలకి చెమట పట్టింది. ఇస్త్రీ చేసినప్పుడు లేచే ఆవిరికి బయటికి దారి లేదు కదా, గోడల మీదే కూర్చుంది. కత్తిరింపు బల్ల మీద గీసిన సుద్ద గీతలు తడికి చెరిగిపోయేవి. మధ్యాహ్నానికి అందరికీ తలనొప్పి. ఒకరి దగ్గు ఇంకొకరికి, ఇంకొకరిది మరొకరికి.

"వదినా, ఊపిరాడట్లేదు," అన్నాను.

"నీకు ఇంట్లోనూ ఆడదుగా," అంది ఇస్త్రీ ఆపకుండా.

మూడో వారం మొదట్లో కాజాల తాత సూది పక్కన పెట్టి, దగ్గుతూ బల్ల మీద తల వాల్చేశాడు. ఆయన వేళ్ళకి సాటి వచ్చే మిషను లేదు. ఆ వేళ్ళు సూదిని పట్టుకోలేకపోతున్నాయి. మా వదిన ఇస్త్రీ పెట్టె ఆపి, ఆయన చెయ్యి పట్టుకుని, నన్ను తోడు రమ్మని, వీధి చివర ఆసుపత్రికి నడిపించింది. నర్సమ్మ తాతని చూసి, మమ్మల్ని ప్రశ్నలు అడిగింది. గది ఎంత, మనుషులెంతమంది, కిటికీలు తీస్తారా. మా వదిన చెప్పుకుంటూ పోయింది. వెంటిలేటరు దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గింది.

"అంత ఆవిరి పుట్టే గదిలో పద్నాలుగు మందిని కూర్చోబెట్టి మూత పెట్టారా అమ్మా?" అంది నర్సమ్మ. "చలి నుంచి కాపాడుకోవాలి, కాదనను. గాలి కూడా ఆడాలి కదా."

తాతని వాళ్ళింట్లో దింపాక, మా వదిన నాకంటే పది అడుగులు ముందే నడిచింది. నేను కదిలించలేదు, నాకూ ప్రాణం మీద తీపి ఉంది.

మర్నాడు అందరూ కూర్చోకముందే స్టూలెక్కి ఆ లైనింగు గుడ్డ లాగేసింది. పిండితే నీళ్ళు కారేలా ఉంది, మడతల్లో నల్లగా బూజు. దాన్ని చేత్తో పట్టుకుని అలాగే స్టూలు మీద నుంచే అంది, "తప్పు నాది. మీటరు చూశాను, మనుషుల్ని చూడలేదు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది."

ఆ ఇంటికి కోడలిగా వచ్చి తొమ్మిదేళ్ళు. ఆవిడ నోట 'తప్పు నాది' అనే మాట అదే మొదటిసారి వినడం. అందరి ముందు, ఓనరు గుమ్మంలో ఉండగా, ఒక్క సాకు చెప్పకుండా అంది. నాకు గర్వమేసింది. నిజం చెప్పాలంటే మీటరు తగ్గినప్పుడు కూడా అంత వెయ్యలేదు.

గర్వం సరే, చలి మాట? వెంటిలేటరు తెరిచాం, రోజంతా ఒక కిటికీ కొద్దిగా తెరిచి ఉంచాం, గది చల్లబడింది, రెండో హీటరు వేశాం. గోడ మీద సుద్ద అంకెలు మళ్ళీ పైకి పాకాయి. ఓనరు గుమ్మం దాకా వచ్చి, ఆ అంకెలు చూసి వెళ్ళిపోయేవాడు. మా వదిన చెయ్యి అప్పుడప్పుడూ ఏప్రను జేబు దగ్గరికి పోయేది. ఒకరోజు భోజనాల వేళ పెన్సిలు అడిగి తీసుకుంది. ఆ పూట ఎవరికీ ముద్ద దిగలేదు.

నాలుగైదు రోజులకనుకుంటా, బల్ల తుడవబోయి ఇస్త్రీ పెట్టె కింద ఇటుక చేత్తో తీసింది. తీసినట్టే వదిలేసింది. కాలే పెట్టెని బల్ల మీద పెడితే బల్ల మాడుతుందని, ప్రతి పెట్టెకీ కింద రెండేసి ఇటుకలు ఉంటాయి. నాలుగు పెట్టెలు, ఎనిమిది ఇటుకలు. పెట్టె దించిన ప్రతిసారీ ఆ వేడి వాటిలోకే దిగుతుంది. మా వదిన వేలు నోట్లో పెట్టుకుని ఆ ఇటుక వంకే చూస్తూ నిలబడింది.

"చంకలో బిడ్డని పెట్టుకుని ఊరంతా వెతికాను కదే," అంది నాతో.

ఆ మధ్యాహ్నానికే పెరట్లో పడున్న పాత ఇటుకలన్నీ కడిగి ఆరబెట్టించింది. వేడెక్కిన ఇటుకని కోటు గుడ్డ పీలికల్లో చుట్టి కాళ్ళ కింద పెట్టడం, చల్లారినదాన్ని తెచ్చి పెట్టె కింద పెట్టడం. అరికాళ్ళు వెచ్చగా ఉంటే ఒళ్ళంతా వెచ్చబడినట్టే ఉండేది. మిషన్లన్నీ లాక్కొచ్చి ఇస్త్రీ బల్ల చుట్టూ వేయించింది. మిగతా సగం హాలుకి ముక్కలు కలిపి కుట్టిన తెర కట్టించింది. ఇదివరకు ఇస్త్రీ సాయంత్రం చేసేవాళ్ళం. ఇక నుంచి పొద్దున్నే, గది బాగా చల్లగా ఉన్నప్పుడే, కిందటి రోజు కుట్టిన కోట్లకి ముందు ఇస్త్రీ. ఆ వేడికే గది తేరుకునేది, రెండో హీటరు మళ్ళీ ఆపేశాం. భోజనానికి పది నిమిషాల ముందు పెట్టెలు ఆపేసి, మిగిలిన వేడితో ఆఖరి కోట్లు లాగించేది.

ఇక గాలి సంగతి. రోజంతా కిటికీ కొద్దిగా తెరిచి పెట్టడం మానిపించింది. గంటకోసారి హీటరు ఆపి, కిటికీలన్నీ బార్లా తెరిచి, అయిదు నిమిషాలు అందరం లేచి చేతులూపుతూ హాలు చుట్టూ తిరగాలి. తర్వాత తలా ఒక గ్లాసు వేడి నీళ్ళు. దగ్గున్నవాళ్ళు ఆ రోజుకి ఇంట్లోనే ఉండాలి, వాళ్ళ వాటా పని మిగతావాళ్ళు పంచుకోవాలి.

"వేడంతా బయటికి పోతోందమ్మా," అని ఓనరు పరిగెత్తుకొచ్చాడు మొదటిరోజు.

"పోయేది ఆవిరి. గోడలు అయిదు నిమిషాల్లో చల్లారవు. వచ్చారు కదా, మీరూ చేతులూపండి," అంది. ఊపాడు.

పది రోజులకి కాజాల తాత తిరిగొచ్చాడు. ఆయనకి వేళ్ళ కొసలు బయటికుండే చేతి తొడుగులు లైనింగు గుడ్డతో కుట్టి ఉంచింది. కాళ్ళ కింద రెండు ఇటుకలు, ఒళ్ళో ఒకటి.

"అత్తారింటికి కొత్తల్లుడిగా వెళ్ళినప్పుడు కూడా నాకింత మర్యాద జరగలేదు మీటరమ్మా," అన్నాడు. ఆవిడ వినబడనట్టు ఇస్త్రీ చేసుకుంది గానీ, చెవుల దాకా నవ్వు.

రెండు నెలలు నిండిన రోజు కరెంటాఫీసు మనిషి వచ్చాడు. మిషన్లన్నీ వాటంతటవే ఆగిపోయాయి. మా వదిన మాత్రం తల తిప్పలేదు, ఒకే కోటు కాలరుని మళ్ళీ మళ్ళీ ఇస్త్రీ చేస్తోంది. ఆయన మీటరు చూశాడు, పుస్తకం చూశాడు, కూడాడు, తీసేశాడు.

"మీకిచ్చిన హద్దు కంటే పదకొండు యూనిట్లు తక్కువ. లైను ఉంటుంది," అన్నాడు.

"పదకొండు కాదు, పన్నెండు. మళ్ళీ చూడండి," అంది మా వదిన, అటు తిరిగే.

మళ్ళీ చూశాడు. పన్నెండే.

ఓనరు అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు. కాజాల తాత కళ్ళు తుడుచుకున్నాడు. ఆ సందట్లో మా వదిన జేబులోంచి కాగితం తీసి చెత్తబుట్టలో పడేయబోయింది. నాకు ఆగలేదు. రెండు నెలలుగా ఆ జేబు చుట్టూ తిరిగిన కళ్ళు కదా. చటుక్కున లాక్కున్నాను.

"ఇటివ్వవే," అంది. ఇవ్వలేదు, విప్పాను.

ఏడు అంకెలు. ఒకటో అంకె పక్కన ఆవిడ పేరు. రెండో అంకె పక్కన నా పేరు. మిగతా అయిదూ ఖాళీ.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నన్నొక్క మాటైనా అడగలేదేం వదినా?"

ఆవిడ పెట్టెని ఇటుకల మీద దించి, మెల్లగా నా వైపు తిరిగింది. "అడక్కుండా ఎవరి పేరు రాయగలనా అని రోజూ ఆలోచించేదాన్ని. నాది రాసుకున్నాను. తర్వాత నువ్వొక్కదానివే దొరికావు."

ఇంటికెళ్ళేదాకా ఆవిడతో మాట్లాడలేదు. కోపమనుకుంది. అనుకోనీ అని ఊరుకున్నాను, నోరు తెరిస్తే ఏడుపొచ్చేలా ఉంది. ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది. ఇంటికి చుట్టాలెవరైనా వస్తే తీసి చూపిస్తాను. రెండో అంకె పక్కనున్నది నా పేరేనని చెబుతాను.