వెనక్కి తిరిగి చూడని మేనేజరు

ఆ రోజుల్లో మా హిందూపురం బజారులో ఏ వస్తువుకైనా రెండు ధరలుండేవి. చెప్పే ధర ఒకటి, ఇచ్చే ధర ఒకటి. ఆ రెండింటి మధ్య ఉన్న ఖాళీ జాగాలోనే మేమంతా పుట్టి పెరిగాం. (ఇప్పుడు గాజు తలుపుల అంగళ్లు వచ్చి ప్రతి చొక్కాకూ ధర అచ్చేసిన అట్టముక్క తగిలిస్తున్నారు. ఆ అట్టముక్కతో కూడా బేరమాడగల పెద్దమ్మలు మా వీధిలో ఇంకా ఉన్నారనుకోండి.) మాది బట్టల అంగడి. నచ్చిన చీరను చూసి మొహం చిట్లించడం, అవసరమైనదాన్ని పక్కకు నెట్టి అక్కర్లేనిదాని ధర అడగడం, ఎంతకూ దిగకపోతే లేచి నడిచిపోవడం, ఇవన్నీ నాకు అక్షరాలకన్నా ముందే వచ్చాయి. ఈ చదువుతోనే నేనొకసారి ఫుట్‌బాల్ జట్టుకు మేనేజరునయ్యాను.

ఆటగాడిగా నా గొప్ప చెప్పుకోవడానికేమీ లేదు. నేను తన్నిన బంతి ఎటు పోతుందో నాకూ తెలియదు, బంతికీ తెలియదు. కానీ జట్టుకు చొక్కాలు కుట్టించేటప్పుడు దర్జీ చేత కాలర్లు ఊరికే వేయించింది నేనే. అందుకని మా వాళ్లంతా కలిసి, “ఏమప్పా, నువ్వు ఆడకపోతే మేలు. గీత బయట నిలబడి మాట్లాడు, అది నీకు బాగొస్తాది” అన్నారు. పొగిడారో తరిమారో ఇప్పటికీ తేల్చుకోలేదు.

మా జట్టులో గోలు కాసే గోలీ తప్ప అందరూ అంగళ్లవాళ్ల పిల్లలే. కిరాణా, ఇనుప సామాను, గాజులు, చెప్పులు, అన్నీ ఉండేవి. నేను గీత బయట నిలబడి అరవడం మొదలుపెట్టిన కొద్ది ఆటల్లోనే ఒక వింత కనిపెట్టాను. “గోలు దాకా వెనక్కి పోండి” అంటే సగం దూరం పోయి ఆగేవాళ్లు. “పరిగెత్తండి” అంటే నడక పెంచేవాళ్లు. మొదట్లో బద్ధకమనుకున్నాను. తర్వాత తెలిసింది, నా అరుపును కూడా వాళ్లు చెప్పే ధర కిందే లెక్కేసి సగానికి కోసేస్తున్నారు. ఇలాంటి గిరాకీలను చూడని వాణ్ని కాదు గనక, నేనూ ధర పెంచేశాను. నాలుగడుగులు కావాలంటే మైదానమంతా అడిగేవాణ్ని. ఆట బాగానే సాగిపోయింది. మేం గెలుస్తూ వచ్చాం. గీత బయట మేనేజరు చేతులూపితే లోపల ఆట మారుతుందా అని ఎవరైనా అప్పుడు నన్ను అడిగి ఉంటే, మారుతుందయ్యా, సగం మారుతుంది అని ఛాతీ విరుచుకుని చెప్పేవాణ్ని.

చివరి ఆట పెనుకొండలో, ధర్మవరం జట్టుతో. దానికి వారం ముందు మా నాయన అంగడి మూసే వేళ నన్ను పిలిచి, “ఆదివారమొస్తే ఆ బంతెనక పోతాండావు. ఈడ గిరాకీ ఎవురు చూడల్ల?” అన్నాడు. నేను ఆదివారం మొత్తం నాకే కావాలన్నాను. ఆయన అసలు లేదన్నాడు. చాలాసేపు తెగక, చివరికి ఇలా కుదిరింది. పెనుకొండలో గెలిస్తే ఇకమీదట ప్రతి ఆదివారం మధ్యాహ్నం నాది. గెలవకపోతే ఆదివారాలన్నీ గల్లాపెట్టెవి. (నేను కోరుకుందీ మధ్యాహ్నమే. రోజంతా అడిగింది బేరం తెంచడానికి వీలుగా ఉండాలని. ఆ సంగతి ఆయనకూ తెలుసు.)

ఆ ఆటకు మా గోలీ కొత్తవాడు. పాత గోలీ బెంగళూరులో పని దొరికి వెళ్లిపోతే, నంబులపూలకుంట నుంచి హిందూపురం ఐటీఐకి వచ్చి చదువుకుంటున్న ఒకణ్ని పట్టుకొచ్చాం. గొర్రెల మందలున్న ఇల్లు. పొడుగ్గా, నెమ్మదిగా, చేతికందిన బంతిని వదలకుండా ఉండేవాడు. మా మాటల తీరు అతనికి చెప్పాలని మాలో ఎవరికీ తోచలేదు. చెప్పడానికి, లోకంలో ఇంకో తీరు కూడా ఉందని మాకు తెలిస్తే కదా.

పెనుకొండ కోట కొండ కింద మైదానం. ఎండ, దుమ్ము, రెండూళ్ల జనం. ధర్మవరం జట్టును ఆడించే పెద్దాయన ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, టవలు తలమీద కప్పుకుని కూర్చున్నాడు. ఆయన నోటినుంచి మాట రాలేదు. నేను మాత్రం గీత పొడుగునా పరిగెత్తుతూ అరుస్తున్నాను. మా గోలీ గోలు లోపలే పాతుకుపోయి ఉండటం చూసి, రెండడుగులు ముందుకొస్తే బాగుండుననిపించింది. రెండడుగులకు తగిన ధరే చెప్పాను. “నడిమి గీత దాకా రా రా అబ్బీ!”

అతను వచ్చాడు. నడుచుకుంటూ, చాలా మర్యాదగా, నడిమి గీత దాకా వచ్చి, దానిమీద కాలు పెట్టి నావైపు చూశాడు. ఆ చూపు అర్థమయ్యేలోపు ధర్మవరం వాడొకడు బంతిని అందరి తలల మీదుగా తన్నాడు. అది మెల్లగా దొర్లుకుంటూ పోయి ఖాళీ గోలులో పడింది.

సగం ఆటకు విరామం వచ్చాక గోలీని నిలదీశాను. “ఎవురు రమ్మనిరి నిన్ను ఆడికి?”

“నువ్వే రమ్మంటివి కదన్నా.”

“రమ్మంటే వచ్చేస్తావా?”

“మరి ఇంకేం చేయల్లన్నా?” అన్నాడు. అతని మొహంలో ఎగతాళి లేదు. గొర్రెల వెనక పెరిగినవాడికి పిలుపంటే పిలుపే. గాజుల అంగడి వాడు కల్పించుకుని, “రేయ్, ఆయప్ప నడిమి గీత అంటే రెండడుగులు ముందుకు రమ్మని. నువ్వు అడిగినంతా ఇచ్చేస్తే ఎట్లరా?” అన్నాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఒక్కడికోసం పదిమందితో మాటతీరు మార్చుకోవాల్సి వచ్చింది.

రెండో సగంలో ఒకే ధర పెట్టాను. ఎంత కావాలో అంతే అరిచాను. దాంతో గోలీ సరిగ్గా ఆడాడు గానీ, మిగతా పదిమంది అలవాటు ప్రకారం దాన్నీ సగం చేశారు. నాలుగడుగులు వెయ్యమంటే రెండే వేశారు. బంతి మా వైపే తిరుగుతోంది. విసుగొచ్చి నోరు మూసుకుని నేలమీద కూర్చున్నాను. అప్పుడు జరిగింది అసలు వింత. మా వాళ్లు ఒకరి తర్వాత ఒకరు తల తిప్పి నన్ను చూడసాగారు. అంగట్లో యజమాని మాట్లాడటం మానేశాడంటే ఇక దిగడని అర్థం, అది వాళ్లకు తెలిసిన భాషే. భయపడ్డారో ఏమో, ఉన్నట్టుండి నిజంగా పరిగెత్తారు. చెప్పుల అంగడి వాడు గోలు కొట్టాడు. సమానమైంది.

అక్కడితో ఊరుకునే వాణ్నయితే ఈ కథే లేదు. మాట్లాడకపోతేనే ఇంత వస్తే, లేచి వెళ్లిపోతే ఎంత రావాలి? ఆట ముగియడానికి కొద్దిసేపే ఉంది. లేచి ప్యాంటు దులుపుకుని, మైదానానికి వీపు తిప్పి, గేటు వైపు నడిచాను. ఈ విద్యకు ఒకటే నియమం, వెనక్కి తిరిగి చూడకూడదు. చూశావా, కావాలని ఒప్పుకున్నట్టే. నా వెనక ఏం జరుగుతోందో తెలియదు. మెడ లాగేస్తోంది. ఆదివారాలన్నీ కళ్లముందు వరసగా నిలబడ్డాయి. అయినా తిరగలేదు.

వెనకనుంచి పరిగెత్తి వస్తున్న అడుగులు వినిపించాయి. భుజం మీద ఒక చెయ్యి పడింది.

“అన్నా, యాడికి పోతాండావు? మామీద కోపమొచ్చిందా?”

ఆ చేతికి గోలీ గ్లౌజు ఉంది. ఇతను ఇక్కడుంటే అక్కడెవరున్నారు అనుకునేలోపే ధర్మవరం జనం అరుపు కోట గోడకు తగిలి తిరిగొచ్చింది. ఇక వెనక్కి తిరిగి చూడాల్సిన పని లేకపోయింది.

ఆట అయ్యాక ధర్మవరం పెద్దాయన కుర్చీ దగ్గరికి వెళ్లి, అరవకుండా ఎలా గెలిచావని అడిగాను. ఆయన టవలుతో మొహం తుడుచుకుంటూ, “ముందు నేనూ అరిచినోన్నే అప్పా. మా పిల్లోళ్లు మగ్గాల చప్పుట్లో పెరిగినోళ్లు, అరుపు వాళ్లకు చెవికెక్కదు. గొంతు పోయి కూసున్యా” అన్నాడు. ఒక్కొక్క జట్టుకు ఒక్కొక్క చెవి ఉంటుందని అప్పుడు తెలిసింది.

సాయంత్రం ప్యాసింజరు రైలెక్కి ఇంటిదారి పట్టాం. గోలీ నా పక్కన కూర్చుని అన్నాడు. “నువ్వు పోతాంటే ఎవురూ పిలవకపోతిరన్నా. నేనన్నా పిలవల్ల గదా అని వచ్చినా.” ఇంట్లో మా నాయన అంతా విని, నవ్వకుండా, “లేచిపోవల్లంటే పక్కన ఇంకో అంగడి ఉండల్లరా. నీకు యాడుండాది ఇంకో జట్టు?” అని, తాళాల గుత్తి నా ముందు పెట్టాడు.

ఆదివారాలు అలాగే పోయాయి, అంగడి నా చేతికొచ్చింది. ఇప్పుడు మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు సెల్‌ఫోన్‌లో విదేశాల ఆటలు చూస్తుంటాను. కోట్లు వేసుకున్న మేనేజర్లు గీత బయట గంతులేస్తారు, జుట్టు పీక్కుంటారు. నేను బంతిని చూడను, ఆటగాళ్ల తలలు చూస్తాను. ఎవరైనా అటు తిరుగుతున్నారా అని. ఒక్కోసారి ఒకడు తిరుగుతాడు. వీడిది ఏ ఊరో అనుకుంటాను.

మా గోలీ ఇప్పుడు ధర్మవరంలో ఆటో నడుపుతున్నాడు. ఇంట్లో శుభకార్యమంటే బట్టలకు హిందూపురమే వస్తాడు. నేను చెప్పిన ధరకే మాట్లాడకుండా దుడ్లు తీస్తాడు. అందువల్ల అతనొక్కడికే నేను మొదటిసారే అసలు ధర చెప్పాల్సి వస్తోంది, వ్యాపారానికి మంచిది కాదని తెలిసినా. ఇన్నేళ్లలో ఎన్ని అంగళ్లనుంచో లేచి నడిచాను, ఎందరో వెనక్కి పిలిచారు, అందరూ సరుకు అమ్ముకోవడానికే. మెడ బిగబట్టుకుని గేటు వైపు నడుస్తున్న ఆ కుర్రవాణ్ని తలుచుకుంటే, పిలిచినప్పుడన్నా తిరిగి ఆ గోలీ మొహం చూసి, వస్తున్నాలే అని ఉండాల్సిందిరా అనిపిస్తుంది.