ముందు కూలి, తర్వాత పుట్టిన సామ్రాజ్యం

కరోనా ఆంక్షలు ఎత్తేసిన తర్వాతి చలికాలంలో నన్ను దోహా వెస్ట్ బేలోని ఒక ప్రైవేటు ప్రదర్శనశాలకు ఇన్‌స్టలేషన్ మేనేజరుగా వేశారు. అరువు తెచ్చిన పురాతన వస్తువులను ఎక్కడ, ఎలా నిలబెట్టాలో చూసే ఉద్యోగం. ఆసారి వచ్చినవి చైనాను ఏలిన మంచూ చక్రవర్తులవి.

గదులు మూడు. మొదటిదాంట్లో ఉత్తరం నుంచి గుర్రాల మీద వచ్చి 1644లో బీజింగ్ పట్టుకున్న మంచూలు, చైనా మగవాళ్లందరూ ముందు జుట్టు గొరిగించుకుని వెనక జడ వేసుకోవాలన్న వాళ్ల ఆజ్ఞ. కాదంటే తల పోయేది. రెండోదాంట్లో వైభవం, పట్టు అంగీలు. మూడోదాంట్లో విదేశీ ఫిరంగులు, తిరుగుబాట్లు, 1912లో గద్దె దిగిన ఆరేళ్ల చక్రవర్తి, కత్తిరించిన ఒక జడ.

ప్రారంభోత్సవం రేపనగా తనిఖీ అధికారి వచ్చాడు. మేం ప్రవేశద్వారం అనుకున్నదాన్ని ప్రమాద సమయంలో బయటపడడానికి ఖాళీగా ఉంచాలనీ, జనాన్ని మూడో గది వైపు నుంచి పంపాలనీ తేల్చేశాడు. అంటే సామ్రాజ్యం ముందు కూలుతుంది, తర్వాత పుడుతుంది. ఆహ్వానాలు వెళ్లిపోయాయి, వాయిదా కుదరదు.

వస్తువులు అటువి ఇటు మారుద్దామంటే లిన్ మేడమ్ ఒప్పుకోలేదు. ఆవిడ కొరియర్, అంటే అరువిచ్చిన మ్యూజియం తరఫున వస్తువులతో పాటే వచ్చే అధికారి. ఆవిడ అనుమతి లేనిదే మా డైరెక్టరు కూడా అద్దాల పెట్టె తెరవకూడదు. పాత పట్టును మళ్లీ కదిపితే చిరుగుతుందని ఆవిడ తేల్చి చెప్పారు. అతిథులను వెనకడుగులతో నడిపిస్తే ఎలా ఉంటుందని డైరెక్టరు నిజంగానే అడిగాడు.

మా ఫోర్‌మన్ రాజన్నది జగిత్యాల. కొత్త దారిలో మూడు గదులూ తిరిగొచ్చి, “సారూ, ముందుగాల జడ కోసిండ్రు, గిప్పుడు పెంచుమంటున్నరు. గిదేం రాజ్యం?” అన్నాడు.

నవ్వు ఆగాక ఆ ప్రశ్ననే పట్టుకున్నాను. మేడమ్ అనుమతి లేనిదే కదపకూడనివి వస్తువులు. గోడ మీది రాతలు కావు. కోసిన జడ పక్కన “దీన్ని అసలు ఎవరు పెంచమన్నారు?” అని రాయించాను. ప్రతి గదీ అంతకు ముందు ఏం జరిగిందన్న ప్రశ్నతో ముగిసేలా చూశాను. మేడమ్ చదివి, ఒక తప్పు దిద్ది, వచ్చాక మొదటిసారి నవ్వారు.

ముఖ్య అతిథి ఒక పెద్ద ఖతరీ అధికారి. హోదా ప్రకారం అందరూ ఆయన వెనక వరుసగా నడిచారు. చివర్లో జడ ఆజ్ఞ దగ్గర ఆయన చాలాసేపు నిలబడ్డాడు. “ఆ పిల్ల చక్రవర్తిని మళ్లీ చూడాలి. యల్లా, పదండి,” అని గిరుక్కున తిరిగాడు. ఆయన కంటే ముందు ఎవరూ నడవకూడదు గనక వరుసంతా గోడలకు అతుక్కుని దారిచ్చింది. వరుస చివర, ఇంకా మూడో గదిలోనే ఉన్న డైరెక్టరు ఒక ఫిరంగికీ గోడకూ మధ్య ఇరుక్కుపోయాడు.

ఆ ప్రదర్శన నేర్పినవి రెండు. కథను చివరి నుంచి చెప్పినా, కారణం తెలుసుకోవాలనిపిస్తే జనమే మొదలు వెతుక్కుంటూ వెళ్తారు. రెండోది, ద్వారాల తనిఖీ పూర్తయ్యేదాకా ఒక్క పెట్టె కూడా విప్పించకూడదు.