నాన్నగారు ఎక్కిన రెండు తలుపుల కారు

ఆ రోజుల్లో అంటే మరీ పాతకాలమేం కాదు, అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చేసిన రోజులే. కాకపోతే అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. ఆ వయసులో మనిషి దేన్ని ప్రేమిస్తే దాని లోపాలు కంటికి ఆనవు. నేను ప్రేమించింది ఒక కారుని. రెండే తలుపులు, పొడుగాటి ముక్కు, నేలకి జానెడు ఎత్తు, వెలిసిపోయిన ఎరుపు రంగు. కైకలూరులో ఒక రొయ్యల చెరువుల ఆసామి షెడ్డులో, మేత బస్తాల వెనకాల, దుమ్ము కప్పుకుని నిద్రపోతూ కనిపించింది. నేను వచ్చి లేపుతానని అన్నేళ్ళూ అలా ఎదురుచూస్తోందేమో అనిపించింది. (అది లేవకపోవడానికి అసలు కారణం కార్బ్యురేటర్ అని తరవాత తెలిసింది.) తాడేపల్లిగూడెంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో నాది కొత్త ఉద్యోగం. ఆరు రోజులూ ఏలూరు నుంచి రైల్లో వెళ్ళి వచ్చేవాణ్ణి, ఏడో రోజు కారు కింద పడుకునేవాణ్ణి.

"దీని సామాను ఇప్పుడెక్కడా దొరకదండీ," అని మా మెకానిక్ భాయ్ గారు మొదటిరోజే తేల్చేశారు. అలా అన్న మనిషే నెల తిరక్కుండా ట్రాక్టర్ గొట్టం తెచ్చి రేడియేటర్‌కి తగిలించారు. రొయ్యల చెరువులో నీళ్ళు చిలికే మోటారు బెల్టు తెచ్చి ఫ్యానుకి వేశారు. నేను దిగులుగా చూస్తుంటే, "కంగారు పడకండి బాబూ, బండి మనసు మాత్రం ఒరిజినలే కదండీ," అనేవారు. ఆ ఒరిజినల్ మనసుకి ఒకటే జబ్బు. అరగంట నడిపితే చాలు, వేడి చూపించే ముల్లు ఎర్రగీత వైపు పరిగెత్తేది. గీత దాటిందంటే ఆవిరి కక్కి ఎక్కడిదక్కడ ఆగిపోయేది. అది ఆగేది వేడెక్కడం వల్లేనని నాకూ భాయ్ గారికీ తప్ప ఇంకెవరికీ తెలియదని నా నమ్మకం.

మా నాన్నగారు వరి రైతు. చాలా మితభాషి. మూడుసార్లు నా కారుని ట్రాక్టరుకి కట్టి ఇంటికి లాక్కొచ్చినా ఏమీ అనలేదు. నాలుగోసారి మాత్రం తాడు విప్పుతూ తీర్పు చెప్పేశారు.

"ఆదివారం కైకలూరు మీ పెదనాన్న గారింటికి వెళ్ళాలి. ఇందులోనే వెడదాంరా. దార్లో ఒక్కసారి ఆగిందా, సోమవారం ఎవరికైనా ఇచ్చేద్దాం."

"ఆగకపోతేనండీ?" అంది అమ్మ.

"ఆగకపోతే ఉంచుకోనీ."

ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు.

ఆదివారం పొద్దున్న నాన్నగారు తెల్లపంచె మోకాళ్ళ దాకా ఎగదీసుకుని, తలుపు పట్టుకుని, నూతిలోకి దిగినట్టు కారులోకి దిగారు. ఏలూరు దాటి కొల్లేటి దారి పట్టాం. మాఘమాసపు ఎండ, రెండు పక్కలా నీళ్ళు. నీళ్ళకీ ఆకాశానికీ మధ్య ఎక్కడా గీత కనబడటం లేదు. మేం అంత కిందుగా కూర్చున్నామేమో, రోడ్డు మీద కాక నీళ్ళ మీదే జారిపోతున్నట్టుంది. తెల్లకొంగలు ఒంటికాలి మీద నిలబడి మా వంక చూశాయి. ఇంజను సన్నగా, ఎవరో పక్కగదిలో పాడుకుంటున్నట్టు మోగుతోంది. నాన్నగారు నా పక్కన ఉన్నారు, కారు నడుస్తోంది, ఈ దారికి చివర లేకపోతే బాగుండుననుకున్నాను. అప్పుడు ముల్లు వంక చూశాను. ఎర్రగీతకి వెంట్రుకవాసి దూరంలో ఉంది! చెయ్యి స్టీరింగు మీద వాలుగా పెట్టి ముల్లు కనబడకుండా అడ్డం పెట్టాను. నాన్నగారు అటు తిరిగి చెరువుల వంక చూస్తున్నారు.

"ఆపరా," అన్నారు ఉన్నట్టుండి.

ఎదురుగా రోడ్డు మీద కోసిన మినుము మొక్కలు పరిచి ఉన్నాయి. (మా వైపు అలా పరిచేస్తారు. వచ్చే పోయే బండ్లు తొక్కితే కాయలు చితికి గింజలు రాలతాయి, నూర్పిడి అయిపోతుంది.) పక్కన ఒక ముసలావిడ చేట పట్టుకుని నిలబడింది. నాన్నగారు దిగి ఆవిడతో మాటల్లో పడ్డారు. ఎన్ని సెంట్లమ్మా, విత్తనం ఎక్కడిదమ్మా, తెగులు రాలేదా అమ్మా. ఆవిడ ఇచ్చిన మజ్జిగ తాగి, మళ్ళీ విత్తనం దగ్గర్నుంచి మొదలెట్టారు. గంట గడిచింది. ముల్లు బుద్ధిగా కిందికి దిగింది.

"ఏరా, పెద్దావిడ మినుములు నాలుగుసార్లు తొక్కించు," అన్నారు.

పరుగుపందేలకి పుట్టిన కారు ముందుకీ వెనక్కీ నడుస్తూ మినుములు నూర్చింది. ముసలావిడ మురిసిపోయింది. "చక్రాలు వెడల్పు కదండీ, బాగా నలుగుతున్నాయండీ. రోజూ ఇటే రండి బాబూ!" చివర్లో ఇరుసుకి మినుము తీగలు చుట్టుకుంటే, నాన్నగారు తెల్లపంచెతోనే కారు కింద దూరి లాగిపారేశారు. ఆ తరవాత కైకలూరు దాకా మాకు అడ్డు లేదు. సాయంత్రం చల్లబడ్డాక బయల్దేరి ఇల్లూ చేరాం.

"ఆగిందాండీ?" గుమ్మంలోనే అడిగింది అమ్మ.

"అది ఆగలేదు. నేనే ఆపించాను," అని కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయారు నాన్నగారు.

గెలిచానని నేను వారం రోజులు కాలేజీలో మీసం మెలేశాను. మొన్నీమధ్య కారు కడుగుతుంటే తట్టింది. ముప్ఫై ఏళ్ళు చేలో ఆయిలింజను నడిపిన మనిషికి, ఇంజను కాగిపోతుంటే వాసన తెలియదా? ఇంట్లో రోజుకి పది మాటలు మాట్లాడని మనిషి, ముక్కూమొహం తెలియని ఆవిడతో గంటసేపు మినుముల గురించి ఏం మాట్లాడతారు? ఉండబట్టలేక చెయ్యి తుడుచుకుని వెళ్ళి అడిగేశాను. "నాన్నగారూ, ఆ రోజు కారు ఆగిపోబోతోందని మీకు తెలుసాండీ?"

ఆయన పేపరు దించలేదు.

"ఆవిడ మినుములు మంచి రంగు మీదుండేవిరా," అన్నారు.