సారు కొలిచిన మూడు మూలలు

గొంతు పెద్దదైతే మాట నిజమైపోతుందా? జవాబు చెప్పండి! నేనైతే చాలా ఏళ్లు అవుననే నమ్మాను. ఆ భ్రమ పోగొట్టిన మా జహనుమా బస్తీ లెక్కల సారు మొన్న ఆదివారం నిద్రలోనే వెళ్లిపోయారు.

బేగంబజార్ నుంచి డబ్బాలకొద్దీ సుద్దముక్కలు తెచ్చుకునేవారు. చొక్కా జేబు ఎప్పుడూ తెల్లగా ఉండేది. ఎవరికి లెక్క రాకపోయినా గల్లీలోనే గొంతుక్కూర్చుని నేలమీద గీసేవారు. "సున్నా యాడ పెట్టాల్నో తెలిస్తే సగం పని అయినట్టే" అనేవారు.

నేను వాక్యం చెప్పే ప్రార్థన షెడ్డు పక్కన పాలాయన బర్రెల కొట్టం ఉంది. మూడు మూలల జాగా. పట్టా కాగితంలో 253 చదరపుటడుగులు. ఒక మూల నుంచి పోయే రెండు వైపులూ నేను టేపుతో కొలిచాను: 26, 25. గుణించి సగం చేస్తే 325! ఇంకేముంది, బైబిల్లో సరిహద్దు రాయి జరపకూడదన్న వాక్యం తెరిచి, మైకులో ఆయన్ని పేరు పెట్టి కబ్జాదారు అన్నాను. గల్లీ గల్లీ అంతా ఆయన దగ్గర పాలు మానేసింది.

సారు నవ్వుకుంటూ వచ్చారు.

"మూలమట్టం పెట్టి చూసినవా భాయ్? మూల లంబకోణంగ ఉంటేనే నీ లెక్క నడుస్తది."

నేను కొలిచిన ఆ మూలనే సున్నా అని, టేపు పట్టి కొలిచారు. అక్కడి నుంచి తూర్పుకు 24 అడుగులు, ఉత్తరానికి 10 పోతే రెండో మూల. తూర్పుకు 7, ఉత్తరానికి 24 పోతే మూడోది.

"ఒకదాని తూర్పును ఇంకోదాని ఉత్తరంతోని గుణించు. అట్లనే తిరగేసి గుణించు. ఒకదాంట్లకెల్లి ఇంకోటి తీసెయ్. సగం చెయ్."

ఏడు పదులు డెబ్బైలోంచి 24 ఇరవైనాలుగులు 576 తీసి సగం చేశాను.

"సార్, మైనస్ 253 వచ్చింది! జాగా మాయమైందా?"

"మూలలు ఉల్టా తిరిగినవ్, గంతే. మైనస్ ఇడిచిపెట్టు. జాగా యాడికి పోతది?"

పాలాయన పకపకా నవ్వాడు. "అయితే నా బర్రెలు ఇన్నొద్దులు మైనస్ల నిలబడ్డయా సారూ?"

253. కాగితం కన్నా ఒక్క అడుగూ ఎక్కువ లేదు. నేను పాలాయన చెవి దగ్గరికి వంగి "తప్పయింది అన్నా" అన్నాను. సారు ఊరుకుంటారా!

"మైకుల తిట్టి చెవుల చెప్తవా? మైకు పట్టు!"

పట్టాను. అంత గొంతూ పీలగా వచ్చింది. మర్నాడు పొద్దున పాలాయన ముందు గిన్నెలు వరుస కట్టాయి, మొదటిది నాదే.

ఆదివారం సారు పాడెకు ఒక పక్క పాలాయన, ఒక పక్క నేను భుజం పట్టాం. సారు లేకుంటే మేం ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లమా?

ప్రియులారా, పదిమందిలో ఎవరినైనా తప్పుగా అన్నారా? ఫోనులో కాదు, రేపు కాదు. ఇవాళే, ఆ పదిమంది వింటుండగానే వెళ్లి చెప్పండి. లేవండి, చెప్పులేసుకోండి!