పాలకుర్తిలో ఆరు రోజుల పెళ్లిచూపులు

దుకాణం మూసి రాలేమని పిల్లవాడి వాళ్లు అంటే, నన్ను వాళ్లింట్లోనే చూపించడానికి మహబూబాబాద్ నుంచి మేం పాలకుర్తికి వెళ్లింది ఒక్క పూటకే. పెళ్లిచూపులు కాగానే సాయంత్రం బస్సుకు తిరిగొద్దామని బాపూ నేనూ చేతిసంచి కూడా లేకుండా బయలుదేరాం. చాయ్ తాగి లేచేసరికి కబురొచ్చింది. తెలంగాణ కోసం జరుగుతున్న సమ్మెలోకి ఆర్టీసీ వాళ్లూ దిగారు, బస్సులు లేవు.

"జర ఓపిక పట్టుండ్రి, రేపు నడుస్తయి," అన్నది పిల్లవాడి తల్లి.

నడవలేదు. రైళ్లనూ ఆపేశారు.

వాళ్లది ఎరువుల దుకాణం, వెనకాలే ఇల్లు. నాకు ఎదురుపడకూడదని పిల్లవాడు దుకాణంలోనే తిని, బస్తాల పక్కనే పడుకునేవాడు. నేను అతని చెల్లెలి చీర కట్టుకుని వంటింట్లో కూర్చునేదాన్ని. బండ్లు తిరగడం లేదని రైతులు నడిరోడ్డు మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా మక్కజొన్నలు ఎండబోశారు. ఇక ఊరికి మిగిలిన పని నన్ను చూడటమే. ఒక ముసలవ్వ నా అరచేయి తిప్పి చూసి, పని చేసిన చెయ్యి కాదని పెదవి విరిచింది. మిషన్ కుట్టే అక్క అయితే అడగకుండానే టేపు తీసి, "ఎట్లైనా రేపు అక్కరొస్తది," అని జాకెట్టు కొలతలు రాసుకుపోయింది.

నాలుగోనాడు ఆడవాళ్లంతా రోడ్డు మీద వంట చేసి నిరసన తెలిపారు. నా చేతికి గరిటె ఇచ్చారు. "కొత్త కోడలు వడ్డిస్తది, రాండ్రి!" అని ఎవరో అరిచారు. అంతలో అందరూ జై తెలంగాణ అంటే నేనూ గట్టిగా అన్నాను. ఆ ఊళ్లో నా గొంతు అంత పెద్దగా లేచింది అదొక్కసారే.

మరునాడు బాపు నన్ను పక్కకు పిలిచాడు. "ఇన్ని దినాలు వాళ్లింట్ల తిన్నం. ఇగ కాదని ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె?"

ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

పొద్దున పిల్లవాడి తల్లి, నేను చిక్కుడుకాయలు ఒలుస్తున్నాం. ఎంత ఆపుకున్నా మాట బయటపడింది.

"అమ్మా, నాకీ సంబంధం వద్దు."

ఆమె చేతులు ఆగాయి. "మా పిలగాడు ఏమన్నన్నడా?"

"లేదమ్మా. ఆయన మంచోడే. నాకే గీడ ఊపిరాడ్తలేదు."

"గీ ఇంటికొచ్చినప్పుడు నాకూ గిట్లనే ఉండె. చెప్పుకునేతందుకు ఎవ్వలు లేకుండె," అని ఆమె మళ్లీ కాయ తీసుకుంది. "మీ బాపుకు నేను చెప్త. నువ్వు నోరు తెరవకు."

బాపుకు జాతకాలు కలవలేదని చెప్పింది. తొర్రూరు నుంచి ఆటోలు మళ్లీ తిరుగుతున్నాయని విని, మధ్యాహ్నానికల్లా అక్కడిదాకా ట్రాక్టరు మాట్లాడింది. పిల్లవాడు దుకాణంలోంచి వచ్చి, కూర్చోవడానికి ఖాళీ గోనెసంచి పరిచి, "పైలంగ పోండ్రి," అన్నాడు. అతను నాతో అన్న మాట అదొక్కటే.

తొర్రూరులో దిగి, ఆటోలు మారి ఇల్లు చేరాక అమ్మ అడిగింది, పిలగాడు ఎట్లున్నడని.

"మంచోడు," అన్నాను.

బాపు నా వైపు ఒక్కసారి చూశాడు. "జాతకాలు కలువలే," అని కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాడు.