కోల్కా లోయలో రేపటి పేజీ

దెయ్యాల అనుభవాలు చెప్పేవాళ్ళను నేనెప్పుడూ ఒకటే అడుగుతాను: అప్పుడు టైమెంత? ఇంతవరకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు. అందుకే ఎవరినీ నమ్మలేదు. ఇప్పుడు నేను చెప్పాల్సి వచ్చింది. టైము మాత్రం చెప్పగలను. ఉదయం ఎనిమిది నలభై.

నేను ఇంగ్లండులోని స్టీవెనేజ్‌లో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. కాలేజీ రోజుల నుంచి డైరీ రాస్తున్నాను. పొద్దున లేవగానే నాడి చూసి అంకె వేస్తాను. సాయంత్రం ఆరింటికి ఆ రోజు జరిగింది రాస్తాను. జరగనిది ఎన్నడూ రాయలేదు.

పోయినేడాది నేనూ నా భార్య శారదా పెరూ వెళ్ళాం. ఆండీస్ కొండల్లో కోల్కా అని చాలా లోతైన లోయ ఉంది. మొదటి రోజు అడుగుకు దిగి అక్కడే పడుకోవాలి. మర్నాడు ఎండ ముదరకముందే వెయ్యి మీటర్లకు పైగా ఎక్కి బయటపడాలి. మాతో వాల్టర్ అనే స్థానిక గైడ్ ఒక్కడే ఉన్నాడు.

శారద మోకాలు అంత బాగాలేదు. కంచరగాడిద మీద వెళ్ళమని వాల్టర్ అంటే తనే వద్దంది. "అది అంచునే నడుస్తుందటండీ. దానికంటే నా మోకాలే నయం."

లోయ అడుగున సాయంత్రం ఆరింటికి డైరీ రాశాను. రబ్బరు బ్యాండు వేసి సంచిలో పెట్టి జిప్పు లాగాను. ఆ సంచి నా తల కిందే ఉంది.

తెల్లవారుజామున నాలుగున్నరకు నాడి రాద్దామని కొత్త పేజీ తెరిచాను. అందులో అప్పటికే మూడు లైన్లు ఉన్నాయి.

"5.05 బయలుదేరాం. 8.40, ఎత్తు 2,871 మీటర్లు.
శారద తెల్ల రాయి మీద కూర్చుంది.
లేపాను."

నా చేతిరాతే. నా పెన్నే. రాసిన గుర్తు లేదు.

దెయ్యం అన్న ఆలోచనే రాలేదు. మా అన్నయ్య గుర్తొచ్చాడు. ఆయనకు మతిమరుపు జబ్బు ఇలాగే మొదలైంది. తన చేత్తో రాసిన చీటీ చూసి, ఇదెవరు రాశారని అడిగేవాడు. ఇంటికి వెళ్ళగానే డాక్టరుకు చూపించుకోవాలనుకున్నాను. శారదకు చెప్పలేదు.

మేము బయలుదేరాల్సింది 4.45కి. మోకాలి పట్టీ కనబడక శారద గదంతా వెతికింది. మొదటి అడుగు వేసేటప్పుడు వాచీ చూశాను. 5.05.

దారంతా మెలికలే. పాతిక అడుగులు, ఆగడం, మళ్ళీ పాతిక. ఎండ ఎదుటి గోడ మీద నుంచి మెల్లగా కిందికి దిగుతోంది. ఒక మలుపులో శారద ఆగింది. అక్కడొక పెద్ద తెల్ల రాయి ఉంది. పక్కన నీళ్ళ సీసా పెట్టుకుని దాని మీద కూలబడింది.

వాచీ చూశాను. 8.40. ఆ వాచీయే ఎత్తు కూడా చూపిస్తుంది. వాతావరణాన్ని బట్టి పది మీటర్లు అటూ ఇటూ చెబుతుంది. అప్పుడు చూపించింది 2,871.

కాగితం మీద ఉందని ఆవిడను లేపకూడదనే అనుకున్నాను. అది నా మొండితనం. నాలుగైదు క్షణాలు అలాగే నిలబడ్డాను.

"శారదా, లే."

"ఇప్పుడేగా కూర్చున్నాను! కొండ కూడా టైంటేబుల్ ప్రకారమే ఎక్కాలా మహానుభావా? పెళ్ళాం కూర్చుందని డైరీలో రాసుకోండి, పోండి."

చెయ్యి పట్టుకుని లాగాను. మా కాపురంలో అలా లాగడం అదే మొదటిసారి. తిట్టుకుంటూనే వచ్చింది. వాల్టర్ ముందున్నాడు. తర్వాతి మలుపు తిరిగామో లేదో వెనక పైనుంచి రాళ్ళు జారాయి. దుమ్ము తగ్గాక చూస్తే తెల్ల రాయి కనబడలేదు. శారద మర్చిపోయిన సీసా కూడా ఆ రాళ్ళగుట్ట కిందే ఉండిపోయింది.

వాల్టర్ ఛాతీ మీద శిలువ గుర్తు వేసుకున్నాడు. రాళ్ళ చప్పుడు ముందే వినిపించిందా అని ఇంగ్లీషులో అడిగాడు. వినిపించిందన్నాను. అది అబద్ధం.

ఆ సాయంత్రం ఆరింటికి డైరీ తెరిచాను. రాళ్ళు పడిన సంగతి ఆ మూడు లైన్లలో లేదు. నేనూ కలపలేదు. నా డైరీల్లో అసంపూర్తిగా ఉన్న పేజీ అదొక్కటే.

ఇంటికొచ్చాక జ్ఞాపకశక్తి పరీక్ష చేయించుకున్నాను. లోపమేమీ లేదన్నారు. నిద్రమత్తులో రాసి ఉంటానని సరిపెట్టుకోవచ్చు. కానీ తెల్ల రాయి పైకెక్కేటప్పుడు తప్ప కనబడదు. మేము దిగింది వేరే దారిన. ఆ ఎత్తు అంకె సంగతి సరేసరి. నాకు తెలిసిన లెక్కలేవీ అక్కడ పనిచేయలేదు.

ఇప్పుడు రోజూ సాయంత్రం డైరీ రాశాక, మూసేముందు ఒక పేజీ ముందుకు తిప్పి చూస్తాను. మొన్న శారద చూసింది. "రేపటిది కూడా ఇవాళే రాసేస్తారా ఏంటి?" అని నవ్వింది.

లేదన్నాను. పేజీ ఖాళీగానే ఉంది. రబ్బరు బ్యాండు వేసి, వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను.