వేలు పెట్టి చూసే ఆయమ్మ

పటాన్‌చెరు దగ్గరి ఆసుపత్రిలో పనిచేసే ఆ ఆయమ్మ పేరు నేను అడగనేలేదు. డెబ్బై రెండేళ్ల మా నాన్న వాచ్‌మన్ డ్యూటీ దిగి వస్తూ బండి మీంచి పడ్డాడు. తలకు ఆపరేషనైనా స్పృహ రాలేదు. "ఈ వయసులో కోలుకుంటారో లేదో ఇప్పుడే చెప్పలేం" అన్నారు డాక్టర్లు.

ఆయమ్మ రోజూ పొద్దున ఒళ్లు తుడిచాక, నాన్న అరచేతిలో వేలు పెట్టి, "పట్టు పెద్దాయనా" అనేది. పదకొండో రోజు నాన్న పట్టుకున్నాడు. నేను ఏడుస్తూ నవ్వాను. ఆమె నవ్వలేదు.

"లేస్తడు బిడ్డా. గానీ పాత మనిషే లేస్తడని ఆశ పెట్టుకోకు."

నాకు కోపమొచ్చింది. ఇంటికి పంపిన రోజు కూడా ఆమెకు చెప్పి రాలేదు.

మూడు నెలలకు నాన్న నడిచాడు. అన్నం కలిపి పెడుతుంటే నా ముఖంలోకి చూసి, "ఎవలి బిడ్డవమ్మా నువ్వు?" అని మర్యాదగా అడిగాడు.